లిఫ్టు ముందు దొరికిన జీవం

ఆ రోజుల్లో నాకు రెండు జీవితాలు ఉండేవి, రెండూ బాగుండేవి కావు. పగలు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ (అంటే, ఎవరో రాసిన ప్రోగ్రాం పనిచెయ్యడం లేదని వాళ్ళకే మర్యాదగా చెప్పడం). సాయంత్రం హఫీజ్‌పేట్ కిరాయి గదిలో కూర్చుని, ఎమ్మెస్సీ జియాలజీ చదివి ఇదేం ఖర్మరా అని నన్ను నేనే తిట్టుకోవడం. రెంటికీ చెడ్డ రేవడినన్నమాట. పీహెచ్‌డీకి తీసుకోమని మా ప్రొఫెసర్ని, అంటే మేం రాళ్ళ మాస్టారని పిలుచుకునే ఆయన్ని, బతిమాలితే, "ఇంతవరకూ ఎవరూ చెప్పని చోట ఒక్క స్ట్రొమటోలైట్ చూపించరా, నీ సీటు సంగతి నేను చూసుకుంటాను. నెలాఖరులోగా తేవాలి" అన్నారు. ఆదివారం ఒక్కటే సెలవున్నవాడికి అదెక్కడ దొరుకుతుంది? దాదాపు ఆశ వదిలేశాను.

పేరు విని భయపడకండి. భూమ్మీద ఇంకా చేప లేదు, చెట్టు లేదు, మనిషి ఊసే లేదు. అప్పుడు లోతు తక్కువ సముద్రాల్లో కంటికి కనపడని జీవులు జిగురు చాపలా పరుచుకునేవి. నీళ్ళలో కొట్టుకొచ్చిన మట్టి వాటికి అంటుకునేది, వెలుతురు కోసం అవి మళ్ళీ పైకి పాకేవి, కింద ఒక పొర మిగిలేది. అలా పొర మీద పొర పేరుకుని రాయైంది, అదే స్ట్రొమటోలైట్. కోసి చూస్తే సగానికి తరిగిన ఉల్లిపాయలు పక్కపక్కన పెట్టినట్టుంటుంది. ఎముక లేదు, పెంకు లేదు, చేసిన పని మాత్రం మిగిలింది. (మా టీం చేసిన పని తర్వాతి రిలీజు దాకా కూడా మిగిలేది కాదు.)

ఒకరోజు లంచ్ అయ్యాక లిఫ్టు కోసం నిలబడి, రాని లిఫ్టును చూడలేక తల దించుకున్నాను. కాళ్ళ కింద, పాలిష్ పట్టిన బూడిదరంగు బండలో ఉల్లిపాయలు! గబుక్కున మోకాళ్ళ మీద కూర్చున్నాను. కానీ ఈ కాలంలో టైల్స్ మీద ఏ డిజైనైనా అచ్చేస్తారు. సున్నపురాయో కాదో తేలాలంటే చుక్క యాసిడ్ వెయ్యాలి. మా జియాలజీ జాతివాళ్ళం నీళ్ళు కలిపిన యాసిడ్‌ను చిన్న సీసాలో ఎప్పుడూ సంచిలో ఉంచుకుంటాం. కొండలెక్కడం మానేసినా నాకా అలవాటు పోలేదు.

"ఏంది సారూ, ఏమన్న పోగొట్టుకున్నవా?" అంటూ సెక్యూరిటీ కాక వచ్చాడు. బోరబండ మనిషి, ఈ బిల్డింగు పునాది తవ్వినప్పటి నుంచీ ఇక్కడే కాపలా.

"లేదు కాకా, దొరికింది!" అంటూ సంచిలోంచి సీసా తీసి మూత తిప్పాను.

"కండ్లల్ల ఏసుకునే మందు బండ మీద ఏస్తున్నవేంది?"

చుక్క పడింది. బుసబుసా పొంగింది. "జీవం! కాకా, ఇది జీవం!" అని లాబీ అదిరేలా అరిచాను. (పొంగితే సున్నపురాయి అని మాత్రమే అర్థం, జీవమని కాదు. ఆ తేడా పరీక్షలో రాసి మార్కులు కొట్టేసినవాణ్ణి నేనే.) లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళంతా ఫోన్లు దించి నన్ను చూశారు.

కాక మాత్రం వంగి బండను చూశాడు. "జీవం సంగతి తర్వాత సారూ, జర గిటు సూడు, మెరుపు పోయి తెల్లగైంది. ఇగ నా నౌకరి పోతది." నీ నౌకరీ పోదు కాకా, నాదే పోతుంది అని చెప్పి, ముందు ఫోటోలు తీసి మాస్టారికి పంపి, ఆ తర్వాత మా మేనేజర్ మేడం గదికి నేనే వెళ్ళాను.

"ఏంటండీ ఇది? లాబీలో యాసిడ్ పోశారట?"

"బాగా నీళ్ళు కలిపిందేనండి. కోట్ల ఏళ్ళ కిందటి జీవులండి, మేడం..."

"మీ ప్రొబేషన్ వచ్చే వారం అయిపోతుంది, తెలుసా అండీ? ఇప్పుడు పైవాళ్ళకి నేనేం చెప్పను?" అంటూ ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. నేను తల వంచుకుని క్షమాపణ పత్రం రాశాను గానీ, లోపల మాత్రం పండగ. ఉద్యోగం పీకేస్తే తిన్నగా మాస్టారి దగ్గరికే!

గది బయటికి రాగానే మాస్టారి మెసేజ్. "రాయి బాగుందిరా. ఆ పొరలు సూక్ష్మజీవులవేనని నాకూ అనిపిస్తోంది. ఏ గని? గనిలో ఏ వరస? దాని కింద ఏముంది, పైన ఏముంది? అది తెలియకపోతే వయసు చెప్పలేం, ఎక్కడి సముద్రమో చెప్పలేం. చోటు తెలియని రాయితో పనిలేదు. కనుక్కో."

మెట్ల మీదుగా పరిగెత్తి కాకని పట్టుకుని, ఆ బండ ఎక్కడిదని అడిగాను.

"గోడౌన్ల నుంచి లారీల తెచ్చిండ్రు సారూ. ఆడ ఇరవై ఊర్ల రాళ్ళు కలిపి పెడ్తరు. గిది ఏ ఊరిదో కాంట్రాక్టర్‌కే తెల్వదు. గంత పరేషాన్ ఎందుకు, రాయే గద?"

రాయే. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. మర్నాడు మిషన్ పెట్టి ఆ బండకి పాలిష్ పట్టించారు. వారం తర్వాత మేడం పిలిచి, "మీ గురించి నేనే గట్టిగా మాట్లాడానండి, మీ ఉద్యోగం పర్మనెంట్ అయింది" అన్నారు. చాలా థాంక్సండి అని, బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. నెలాఖరు దాటిపోయింది. మాస్టారికి జవాబు పెట్టలేదు. ఏమని పెట్టను?

ఇప్పుడు నాకు పుప్పాలగూడలో ఫ్లాటుంది, ఆఫీసులో నా కింద పెద్ద టీముంది. ఇన్నేళ్ళలో ఎన్ని రిలీజులు, ఎన్ని కేకులు, ఎన్ని చప్పట్లో! ఒక్కసారి కూడా నా గొంతు అలా లేవలేదు. అందరి ముందూ మోకాళ్ళ మీద పడి పిచ్చివాడిలా కేకలు పెట్టిన ఆ అబ్బాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి ఉద్యోగం ఆ రోజే పీకేసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.