పసుపు చేతుల సన్మానం

సెలవుల్లో ఆర్మూర్ మార్కెట్ యార్డులో అమ్మతో కలిసి పసుపు కొమ్ములు ఏరేదాన్ని. కాలేజీ తెరిచిన రోజు లెక్చరర్ నా రికార్డు బుక్కును ముట్టుకోలేదు. "ముందు చేతులు కడుక్కొని రా" అన్నాడు. సబ్బు అరిగేలా తోమినా రంగు పోలేదు. క్లాసంతా నవ్వింది.

ఆ నవ్వును నేను క్షమించలేదు. దాని మీద కసితోనే చదివాను. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లలు మధ్యలో మానేయకుండా చూసే అధికారిగా యూనివర్సిటీకి వచ్చాను. ఆ లెక్చరర్ అప్పటికే అక్కడ ప్రొఫెసర్. "వీళ్లకు చదువు అబ్బదు" అని ప్రతి మీటింగులో అనేవాడు. ఆ పిల్లలకు సాయంత్రం క్లాసులు పెట్టించాను, అన్నిటికన్నా ముందు ఆయన సబ్జెక్టుకే.

ఆయన రిటైర్మెంట్ సభలో శాలువా కప్పే పిల్లను నేనే ఎంచాను. ఆయన సబ్జెక్టులో ఫస్ట్ వచ్చిన అమ్మాయి. పొద్దున యార్డులో పసుపు ఏరి, నేరుగా బస్సెక్కి వచ్చింది.

"మేడం, జర చేతులు కడుక్కొని వస్త."

"వద్దు బిడ్డా, గట్లనే పో."

తెల్ల శాలువా మీద, రెండు భుజాల దగ్గరా పసుపు వేళ్ల ముద్రలు పడ్డాయి. ఆయన రుమాలుతో రుద్దుకుంటుంటే నేను మైకు అందుకున్నాను.

"సబ్బు పెట్టినా పోదు సార్. నేను చూసిన."