నేను సక్కజేసిన చెయ్యి

పడుసుతనంల జరిగిన ముచ్చట ఏదన్న చెప్పుమంటే అందరు పదహారేండ్లకో పద్దెనిమిదేండ్లకో పోతరు. నేను పోను. ఆ రోజుల్ల నాకు పడుసుతనం అనేది ఒకటున్నట్టే తెల్వదు. మట్టి తొక్కుడు, నీళ్లు మోసుడు, కుండలు నెత్తిన పెట్టుకొని అంగడికి పోవుడు, గంతే. నా అసలు పడుసుతనం అరవై రెండో ఏట మొదలైంది, నాకు కొలువు దొరికిన దినం. కొత్త కొలువుల చేరిన పోరగాండ్లకు ఎంత పొగరుంటదో, లోపల ఎంత భయముంటదో, ఆ రెండిటి నడుమ ఎన్ని తప్పులు చేస్తరో, అన్నీ నాకూ అయినై. వాళ్లు తప్పు చేస్తే చిన్నతనం అని ఇడిచిపెడుతరు. నేను చేసినదాన్ని ఏమనాల్నో ఎవలికీ తోచలే.

కొలువంటే పెద్ద కొలువు గాదు. నెల్లికుదురుల ఒక మేడం పాత వడ్ల గోదాం కిరాయికి తీసుకొని పిల్లల కోసమని ఒక జాగ పెట్టింది. బడి ఇడిసినంక పిల్లలు ఆడికొస్తరు. గోడ పొడుగునా తెల్ల కాయిదాలు, డబ్బాలల్ల రంగులు, దర్జీ దుకాణంల మిగిలిన పీలికలు, చెక్కముక్కలు, ఒక మూలకు మట్టి. ఏది తీసుకుంటరో, దానితోటి ఏం చేస్తరో, వాళ్ల ఇష్టం. గిది చెయ్యి, గట్ల చెయ్యి అని ఎవ్వలూ చెప్పరు. ఊళ్లె దానికి రంగుల కొట్టం అని పేరు పడ్డది. "పాఠం చెప్పదట, పరీక్ష పెట్టదట, మరి గా మేడం ఏం చేస్తదే?" అని మా వాడకట్టు ఆడోళ్లు అడుగుతుండె. "సూస్తది" అని చెప్పేదాన్ని. అబద్ధం గాదు. గంటలకు గంటలు పిల్లల పక్కన కూసొని ఉత్తగ సూస్తుండె.

నా పని మట్టి. చెరువు మట్టి తెచ్చి, ఎండబెట్టి, జల్లెడ పట్టి, నానబెట్టి, తొక్కి, ముద్దలు చేసి తడి గోనె కప్పాలె. పొద్దుగూకినంక ఊడ్వాలె. మేము కుమ్మరోళ్లం, మట్టి సంగతి నాకొకరు చెప్పే పని లేదు. కాని ఒక మాట చెప్పాలె. మా ఇండ్లల్ల ఆడోళ్లు సారె ముట్టరు. సారె మీద కుండ లేపేది మా ముసలాయన. కిందికి దిగిన పచ్చికుండను ఒళ్లె పెట్టుకొని, లోపల రాయి ఆన్చి, బయట చెక్కతోటి కొట్టుకుంట, ఏడ సొట్టున్నదో ఏడ వంకరున్నదో చూసి గుండ్రంగ తెచ్చేది నేను. నలభై ఏండ్లు గదే పని. నేను మొదలువెట్టిన కుండ నా బతుకుల ఒక్కటి లేదు. వేరేటోళ్లు మొదలువెట్టినదాన్ని సక్కజేసుడే. వంకర కనవడితే నా మనసు ఊకున్నా నా చేతులు ఊకోవు.

ఇంకో సంగతి, అప్పటికి నాకు సదువు రాదు. మేడం అడగలే, నేను చెప్పలే. గోడకు ఎర్ర అక్షరాల అట్ట ఒకటి ఏలాడుతుండె. చేరిన దినమే మేడం దాని దిక్కు వేలు చూపెట్టి, "అవ్వా, గిదొక్కటి మనసుల పెట్టుకో. మిగతాయన్నీ నీ ఇష్టం" అన్నది. నేను అట్టను మీదికెళ్లి కిందికి నిమ్మళంగ చూసి, తలకాయ ఊపి, "మంచిగ రాసినవ్ బిడ్డా" అన్న. (రాత మంచిగనే ఉండె. ఎర్ర రంగు ఏడ కూడ కారలే.)

వచ్చే పిల్లలల్ల తండా పిల్ల ఒకతి ఉండె. ఎనిమిదేండ్లుంటయేమో. సన్నగ, గిట్ల వచ్చి గట్ల వాలుతది, అందుకే నేను పిట్ట అని పిలుస్తుంటి. అమ్మానాయినలు హైద్రాబాదుల బిల్డింగుల పనికి పోయిన్రు, పిట్ట తండాల వాళ్ల అవ్వకాడ ఉంటది. ఇంట్ల వాళ్ల భాష, బడిల తెలుగు. మా కాడ మాత్రం రెండూ లేవు, మట్టి ముంగట కూసున్నదంటే లేసేదాక మాట లేదు. మూడు వారాలసంది ఒక్కటే బొమ్మ చేస్తున్నది. ఆడమనిషి. రోజు ఇంత చేసి తడిబట్ట కప్పిపోవుడు, మల్ల తెల్లారి బట్ట తీసి కూసునుడు. ఆయితారం తల్లిదండ్రులను పిలిచి పిల్లలు చేసినయన్నీ చూపెడుదామని మేడం అనుకున్నది. ఆ మాట విన్న దినం పిట్ట నా కొంగు గుంజి, "మా యాడి వస్తది" అన్నది. యాడి అంటే వాళ్ల భాషల అమ్మ. నేను అడగకుంట ఆ పిల్ల నాకు చెప్పిన మొదటి మాట గదే.

సోమారం కొట్టం బందు. మేడం పని మీద వరంగల్ పోయింది. నేను ఊడుద్దామని పోయి బల్ల మీది తడిబట్టలు తీసి చూసిన. అబ్బ, ఏం చెప్పాలె! మూడు కాళ్ల బర్రె. గీరెలు, గవే చక్రాలు, మీదికున్న ట్రాక్టరు. చెట్టు కన్న పెద్ద కాకి. పిట్ట చేసిన ఆడమనిషికైతే ఒక చెయ్యి చెయ్యిలెక్కనే ఉన్నది, ఇంకోటి కాళ్లు దాటి, పీట దాటి బయటికొచ్చింది. గియ్యి పెట్టి మందిని పిలిస్తే మేడం ఇజ్జత్ ఏం గావాలె? నేను తొక్కిన మట్టి ఇజ్జత్ ఏం గావాలె? అని కొంగు నడుముకు చెక్కి కూసున్న. పగటీలినుంచి పొద్దుగూకేదాక లేవలే. బర్రెకు కాలు పెట్టిన. ట్రాక్టరును తిప్పి నిలవెట్టిన. కాకిని కోసి కాకంత చేసిన. పిట్ట బొమ్మ పొడుగు చెయ్యిని కొలిచి, కోసి, రెండో చెయ్యికి సమానం చేసిన. ప్రతిదాని కింద ఏవో గీతలు గీకి ఉన్నై. పిల్లలు పుల్లతోటి గెలికిన్రనుకొని తడి వేలుతోటి నున్నగ రుద్దిన. ఇంటికి పోయి మా ముసలాయనతోటి "కొలువంటే గిట్ల చెయ్యాలె" అని చెప్పుకొని రెండు ముద్దలు ఎక్కువ తిన్న.

మంగళారం పిల్లలొచ్చిన్రు. నన్ను మెచ్చుకుంటరని తలుపుకాడ నిలవడ్డ.

"నా ట్రాక్టర్ ఏది?"

"గిదే గదరా, మంచిగ నిలవెట్టిన."

"అది పల్టీ కొట్టిన ట్రాక్టర్ అవ్వా! మా బాపు దాని మీదికెళ్లి దుంకిండు! నిలవెడితే ఏమున్నది ఇగ?"

"నా బర్రెకు నాలుగో కాలు ఎందుకు పెట్టినవ్?"

"ఏ బర్రెకైన నాలుగే ఉంటై!"

"నాలుగోది బురదల ఉన్నది!"

ఏది ఎవలిదో పోల్చుకుందామని అన్నిటిని బోర్లేసి చూసిన్రు. కింద ఏమీ లేవు. అప్పుడు తెలిసింది, నేను రుద్దిన గీతలు పిల్లల పేర్లు. మేడం నా మొఖం చూసి, అట్ట చూసి, మల్ల నా మొఖం చూసి, "అవ్వా, అది సదివినవు గద?" అన్నది. "సదివిన" అన్న. (అబద్ధమాడితే గొంతు గట్టిగ వస్తదని ఆ దినమే ఎరుకైంది.) కాకి చేసిన పోరడు ఊకుంటడా? అట్ట కింద నిలవడి బడిల చదివినట్టు చదివిండు: "పిల్లలు చేసినదాన్ని ఎవ్వరూ సరిచేయరాదు."

చాన మంది పిల్లలు కోపం గడియసేపు పెట్టుకున్నరు. ట్రాక్టరు పోరడు మల్ల పల్టీ కొట్టిచ్చిండు, బర్రె పిల్ల కాలు పీకి నా చేతుల పెట్టింది. పిట్ట మాత్రం అరవలే, ఏడవలే. బొమ్మను రెండు చేతులల్ల తీసుకొని, అటు తిప్పి ఇటు తిప్పి, "గిది మా యాడి గాదు" అన్నది. పరాయోళ్ల సామాను పెట్టినట్టు మెల్లగ బల్ల మీద పెట్టి, చెప్పులేసుకొని పోయింది. బుధారం రాలే. బేస్తారం రాలే. ఆయితారం తల్లి వస్తది, చూసేతందుకు ఏముంటది?

మేడం నన్ను ఒక్క మాటనలే. తిట్టినా బాగుండు. నేనే సక్కజెయ్యాలె అనుకున్న (ఇంకా నాకు బుద్ధి రాలేదని మీకు తెలుస్తనే ఉంటది). బొమ్మ ఎండిపోయింది. ఎండినదానికి పచ్చిమట్టి అతకదని నాకు తెల్వదా? అయినా పొడుగు చెయ్యి చేసి అతికిన. ఊడి పడ్డది. ఇట్ల గాదని ఇంటికాడ మట్టి పెట్టుకొని కొత్త బొమ్మ మొదలువెట్టిన. చెయ్యి పొడుగు తీసిన. మంచిగ వచ్చింది. గదే పరేషాన్. నాకు మంచిగ రావద్దు, పిట్ట చేసినట్టు రావాలె. ఇంకోటి చేసిన, అది ఇంకా మంచిగ వచ్చింది. ఏడు బొమ్మలు చేసిన. మంచంల కూసొని మా ముసలాయన ఒకటే నవ్వు.

"ఏమే, వంకర గూడ వంకర లేకుంట చేస్తున్నవ్ గదనే!"

"నువ్వు చెయ్యరాదు మరి, నలభై ఏండ్లు సారె తిప్పినవ్ గద!"

"నేను వంకరగ చేస్తే నువ్వు ఊకుంటవా? కొట్టి కొట్టి సాపు చెయ్యవూ?"

శుక్రారం పొద్దుగాల ఏడు బొమ్మలు గంపల పెట్టుకొని, ఒక ముద్ద మట్టి తడిగుడ్డల చుట్టుకొని ఆటో ఎక్కి తండాకు పోయిన. జెరమని చెప్పి పిట్ట బడికి గూడ పోలేదట. కడప మీద కూసున్నది. నేను గంప దించి వరుసగ బొమ్మలు నిలవెట్టిన. చూసి, చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తున్నదేమో అనుకున్న. నవ్వుతున్నది.

"అవ్వా, గీ చెయ్యి ఎందుకు గిట్ల పొడుగున్నది?"

"నువ్వే గదనే పొడుగు చేసింది?"

"నేను ఎందుకు చేసిన్నో నీకు ఎరుకేనా?"

నాకు ఎరుక లేదు. అన్ని దినాలు పక్కనే ఊడ్సుకుంట తిరిగి, కోసేటప్పుడు గూడ ఒక్కసారి అడగలే. పిట్ట చెప్పింది. వాళ్ల యాడి పోయిన దినం బస్సు కిటికీల కూసొని చెయ్యి బయటికి పెట్టి పిట్ట చెయ్యి పట్టుకున్నదట. బస్సు కదిలింది. ఈ పిల్ల ఉరికింది. ఆమె ఇడవలే, ఈ పిల్ల ఇడవలే. చెయ్యి పొడుగైంది, పొడుగైంది, గంత పొడుగైంది.

నేను గూడ ఎవ్వలికీ చెప్పని మాట చెప్పిన. "బిడ్డా, నాకు సదువు రాదే. అట్ట సదవలే. కింద నీ పేరున్నదని తెల్వక రుద్దిన."

పిట్ట కండ్లు ఇంతింత చేసింది. "గింత పెద్దగైనవ్, అ ఆలు రావా?"

"రావు."

"నేను నేర్పుత" అన్నది. అనుడే గాదు, వాకిట్ల పుల్ల తీసుకొని మొదలువెట్టేదే, నేనే మట్టి ముద్ద ముంగట పెట్టి, "అది తర్వాత, ముందుగాల గిది" అన్న.

కూసొని చేసింది. మొదటిదాని లెక్క గాదు, చెయ్యి ఇంకింత పొడుగొచ్చింది. పచ్చి చెయ్యి బరువుకు కిందికి వాలుతున్నది. నాకు పానం గిలగిల, అయినా గోడ దిక్కు చూసుకుంట కూసున్న. చివరికి తనే, "అవ్వా, పడుతది, జర పట్టు" అన్నది.

"ముట్టాల్నా?"

"పట్టుమన్న. సక్కజెయ్యమనలే."

కింద కట్టెముక్క ఆన్చుదామంటే ఒప్పుకోలే. "బస్సుకు కట్టె ఉంటదా?" అని నన్నే అడిగింది. ఇగ అరచెయ్యి కింద పెట్టి పట్టుకున్న. పొద్దు వంగినంక "పా అవ్వా, కొట్టంల పెడదాం" అని తనే లేసింది. ఆటోల తను బొమ్మ కింది పీట పట్టుకున్నది, నేను బొమ్మ చెయ్యి పట్టుకున్న, తొవ్వంత గుంతలు. డ్రైవరు అద్దంల చూసి, "అవ్వా, ఎవలకు ఇస్తున్నవ్ షేక్ హ్యాండు?" అన్నడు. "వాళ్లమ్మకు" అన్నది పిట్ట. వాడు ఇగ ప్రతి గుంతకాడ మెల్లగ పోనిచ్చిండు.

ఆయితారం నాటికి బొమ్మ చెయ్యి ఆరి దానంతటదే నిలవడ్డది. ఆ దినం వాళ్ల యాడి వచ్చింది. సిమెంటుకు పగిలిన చేతులు, ప్రయాణం చీర. అందరి బొమ్మలు చూసుకుంట చూసుకుంట వచ్చి ఆ బొమ్మ కాడ ఆగింది. ఎవలిదని అడగలే. తన కుడిచెయ్యి ముందటికి చాపి, దాన్ని చూసి, బొమ్మను చూసి, "గింత పొడుగున్నదా నా చెయ్యి?" అన్నది.

"బస్సు కదిలినంక గింత అయింది" అన్నది పిట్ట.

ఆమె బిడ్డ నెత్తి మీద ఆ చెయ్యి పెట్టి అట్లనే నిలవడ్డది. నేను మట్టి మూలకు పోయి, నీళ్లు ఎక్కువ పోసిన్రు, ఎవలు పోసిన్రని కొట్లాట పెట్టుకున్న. ఆ మూలకు అప్పుడు ఎవ్వలూ లేరు. పోసేది గూడ నేనే.

పిట్ట అన్నంత పని చేసింది. ఏడాది పట్టింది గని గిట్ల రాసేటంత సదువు నాకొచ్చింది. ఇప్పుడు డెబ్బై దగ్గరికొస్తున్న, కొలువుల పాతదాన్నైన, మట్టి నానబెట్టుడు గూడ సగం పిల్లలే చేస్తరు. బుద్ధి వచ్చింది గని చేతులకు మాత్రం రాలే. ముంగట ఎవలన్న వంకర కుండ పెడితే వేళ్లు వాటంతట అవే లేస్తై. అప్పుడు రెండు చేతులు తొడల కింద పెట్టుకొని వాటి మీద కూసుంట. పిల్లలు చూసి, "అవ్వా, సలి పెడుతుందా?" అంటరు, నడి ఎండాకాలంల. "ఔ బిడ్డా, జర సలి" అంట.