యోర్దాను ఒడ్డున తాటిచెట్టు

అమెరికాలో ప్లెయిన్స్‌బరో దగ్గర మా తెలుగు చర్చివాళ్లు పాత భవనం ఒకటి కొన్నప్పుడు, బాప్తిస్మం తొట్టి వెనక గోడ మీద యోర్దాను నది బొమ్మ వేసే పని నాకు అప్పగించారు. నేను మందుల కంపెనీలో ఉద్యోగిని. సెలవు దొరికితే రైలెక్కి న్యూయార్క్‌లో మ్యూజియానికి పోతాను. అక్కడ పందొమ్మిదో శతాబ్దపు అమెరికా అడవుల చిత్రాలున్న గదంటే నాకు పిచ్చి. గోడంత కాన్వాసు, అందులో సగం ఆకాశమే.

యోర్దాను నేనెన్నడూ చూడలేదు. అందుకని ఆ చిత్రాల్లోని హడ్సన్ లోయనే దించేశాను. ఆకు రాలే కాలానికి ఎర్రబడ్డ మేపుల్ చెట్లు, విరిగిన మాను, కొండల వెనక పసుపు వెలుగు. ఎంత బాగా కుదిరిందంటే నా దిష్టే తగులుతుందని భయమేసింది.

సంఘ పెద్ద ఒకాయన, రిటైరైన ఇంజనీరు, చూసి పెదవి విరిచారు.

"యోర్దాను దగ్గర ఫాల్ కలర్సేంటమ్మా? ఖర్జూర చెట్టు ఒక్కటైనా పెట్టు. సండే బాప్తిస్మాలున్నాయి. కుదరదంటే వైట్ పెయింట్ కొట్టించేద్దాం."

నాకు ఒళ్లు మండింది. "చెట్టు పెడితే పెయింటింగ్ పాడైపోద్ది అంకుల్" అని విసవిసా వచ్చేశాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. ఆ పాత చిత్రకారులు మాత్రం ఉన్నదున్నట్టు వేశారా? వేసవిలో అడవుల్లో స్కెచ్‌లు గీసుకుని, చలికాలం స్టూడియోలో కూర్చుని ఇక్కడి కొండనీ అక్కడి జలపాతాన్నీ కలిపేసేవాళ్లు. శనివారం పొద్దున్నే వెళ్లి మేపుల్ చెట్ల పక్కన ఓ చెట్టు నిలబెట్టేశాను.

మధ్యాహ్నం పెద్దాయన తెల్ల రంగు డబ్బాతో వచ్చారు.

"ఇది తాటిచెట్టు కదమ్మా!"

అప్పుడు చూశాను. ఖర్జూరపు ఆకు ఈకలా ఉండాలి. నా చెయ్యి విసనకర్రల్లాంటి తాటాకులు గీసేసింది. గోదావరి జిల్లాలో పుట్టిన చెయ్యి మరి.

"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. దీని కింద బాప్తిస్మాలిస్తామా?" అని నవ్వబోయారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. బెంచీ మీద కూలబడ్డారు. నా బొమ్మ పని అయిపోయిందనుకున్నాను.

"మా నాన్న కల్లు గీసేవాడమ్మా. ఇక్కడెవరికీ చెప్పలేదు. నేను బాప్తిస్మం తీసుకున్నాక ఆయన పక్కన నడవడానిక్కూడా సిగ్గుపడేవాణ్ణి." తెల్ల రంగు డబ్బా పక్కన పెట్టి అడిగారు. "చెట్టు మీద మనిషిని వెయ్యగలవా? కనపడీ కనపడకుండా."

తలూపాను. ఆ పాత చిత్రాల్లో ఎంత పెద్ద కొండ కిందైనా ఆవగింజంత మనిషి ఒకడుంటాడు. మోకు కట్టుకుని చెట్టెక్కుతున్నవాణ్ణి నేనూ అంతే వేశాను.

ఆదివారం ఆయన మనవరాలు నీళ్లలో మునిగి లేచింది. తడి జుట్టు వెనక్కి తోసుకుంటూ గోడకేసి చూసింది.

"తాతయ్యా, ఆ ట్రీ మీద ఎవరు?"

"మా నాన్న" అన్నారాయన, చర్చి అంతా వినపడేలా.