తొమ్మిదో నంబరు ఫోల్డర్

రెండు వేల పన్నెండు ఫిబ్రవరిలో, ఆర్మూర్‌లోని ఒక ప్రైవేటు పసుపు పరీక్షా కేంద్రంలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాను. అంతకుముందు మార్కెట్ యార్డులో తూకాలు రాసేవాణ్ని. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. ఆ కేంద్రంలో మా వరుస ఇలా ఉండేది: పైన మేనేజర్, ఆయన కింద ఎమ్మెస్సీ చదివిన కెమిస్ట్, అందరికంటే కింద నేను. కొమ్ములు పొడి చేయడం, తూచడం, స్పిరిట్‌లో మరిగించి వడగట్టడం, మిషన్‌లో చదివించడం నా పనులు. రిపోర్టు మీద సంతకం మాత్రం కెమిస్ట్‌ది.

పసుపులో రంగునిచ్చే పదార్థం కుర్కుమిన్. వడగట్టిన ద్రావణం వెలుతురును ఎంత అడ్డుకుంటుందో మిషన్ ఒక అంకెగా చెబుతుంది. ఆ అంకెను ఒక గుణకంతో హెచ్చిస్తే రంగు శాతం వస్తుంది. ఆ గుణకాన్ని తెలిసిన నమూనాలతో మేమే కట్టుకోవాలి. కంప్యూటర్‌లో అది ఒక ఫోల్డర్‌లో ఉండేది.

చిక్కంతా ఆ ఫోల్డర్‌తోనే. ప్రోగ్రాం కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ తన నంబరుతో ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టుకుని అందులోనే వెతికేది. మా గుణకాలు దానికి కనిపించేవి కావు. అందుకని అప్‌గ్రేడ్‌కు ముందు మా ఫోల్డర్‌కు వేరే పేరు పెట్టి పక్కన ఉంచేవాణ్ని. తర్వాత దాన్ని కాపీ చేసి, ఆ కాపీకి కొత్త వెర్షన్ కోరే పేరు పెట్టేవాణ్ని. ఆరు నిమిషాల పని. కొత్త వెర్షన్ పెట్టడానికి మిషన్ కంపెనీ నుంచి వచ్చే ఇంజనీర్‌కు తెలియనిది, కెమిస్ట్‌కు రానిది ఆ కేంద్రంలో అదొక్కటే. నేను ఎవరికీ నేర్పలేదు.

పక్కన పెట్టిన ఫోల్డర్లకు నేనిచ్చే పేర్లు అంకెలే. ఆ రోజు వివరాలు నా నోటుబుక్కులో ఏ పేజీలో రాస్తే ఆ పేజీ నంబరు. 23, 57, 88. మొదటి పుస్తకం నిండాక రెండోది మొదలుపెట్టాను. పుస్తకాలు రెండూ నా సొరుగులో తాళం వేసి ఉండేవి.

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, మార్చి నెల, సీజన్ మధ్యలో మరో అప్‌గ్రేడ్ వచ్చింది. ఈసారి కంప్యూటర్ కూడా మారుతోంది. ముందు రోజు సాయంత్రం మా ఫోల్డర్‌కు 9 అని పేరు పెట్టాను. అది రెండో పుస్తకంలో తొమ్మిదో పేజీ. అదే రోజు మా ఆవిడ కంటి ఆపరేషన్‌కు నిజామాబాద్ దవాఖాన నుంచి పిలుపు రావడంతో నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాను.

మర్నాడు కెమిస్ట్ మహేందర్ ఫోన్ చేశాడు. నాకంటే పాతికేళ్లు చిన్నవాడు.

"సత్తన్నా, గీ నాలుగు ఫోల్డర్లల్ల ఏదానికి పేరు మార్చాలె?"

"నేనొచ్చినంక చూస్త సార్, జర ఆగుండ్రి," అన్నాను.

"బయట రైతులు బస్తాలు పట్టుకొని నిలవడ్డరన్నా. ఎట్ల ఆగమంటవ్?"

"నాలుగొద్దులే గద సార్."

అతను ఆగలేదు, ఆగే వీలూ లేదు. ఇంజనీర్ అన్నింటినీ కొత్త కంప్యూటర్‌లోకి ఒకేసారి కాపీ చేయడంతో ఫోల్డర్ల మీద తేదీలన్నీ ఒకటే. పెద్ద అంకె ఉన్నదే తాజాది అనుకుని 88కి పేరు మార్చాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

88వ పేజీ రాసిన నాటికి మేము నమూనాను నూట పాతిక మిల్లీగ్రాములు తూచేవాళ్లం. గుణకం 4.8. తర్వాత కొత్త త్రాసు వచ్చాక వంద మిల్లీగ్రాములకు తగ్గించాం, గుణకం 6 అయింది. ఇప్పుడు తూకం కొత్తది, గుణకం పాతది. ప్రతి ఫలితం ఐదింట ఒక వంతు తక్కువ. రోజూ ఉదయం తెలిసిన నమూనాను చదివించి సరిచూసుకోవాలన్న నియమం ఉంది. సీజన్‌లో దాన్ని వదిలేయడం మా అలవాటు.

ఐదో రోజు వచ్చి రిజిస్టర్ తెరిచాను. మిషన్ అంకె 0.61, రంగు 2.93 అని ఉంది. ఆరుతో హెచ్చిస్తే 3.66 రావాలి. అలాంటివి ముప్పై ఒకటి. అన్నీ రైతుల చేతికి వెళ్లిపోయాయి.

ఆ 0.61 నమూనా మాక్లూర్ లింగవ్వది. మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి రెండెకరాలు కౌలుకు తీసుకుని, రంగు ఎక్కువుండే విత్తనం వేసింది. రంగు మూడున్నర దాటితే వచ్చే ఏడు కూడా పంట తనే కొంటానని బయటి కొనుగోలుదారు ఒకాయన మాటిచ్చాడు. ఆ ఒప్పందం చూపితేనే భూమి మళ్లీ కౌలుకిస్తానని పట్టాదారు అన్నాడు. ఆ పొద్దున ఆమె రిపోర్టు పట్టుకుని మా వరండాలో కూర్చుని ఉంది.

"అన్నా, గిది మా పసుపేనా? గిది ఉడకబెట్టిన చేతులు వారం దాంక తెల్లగ కాలే. మూడు గూడ లేదంటరేంది?"

లోపలికి వెళ్లి మహేందర్‌కు నోటుబుక్కుల్లో 88, 9 పేజీలు చూపించాను. అతను రెండు పేజీలూ చదివాడు.

"గీ ముక్క ఫోన్ల జెప్తే ఏం పోతుండే అన్నా?"

నేను పుస్తకాలు మూశాను. ఇద్దరం మేనేజర్ దగ్గరికి వెళ్లాం. ఆయన తలుపు వేయించాడు.

"ఒక్కదానికి తప్పని రాసిస్తే ముప్పై మంది వస్తరు. ఈ పొద్దటి నుంచి సరిచేసుకోండ్రి. ఆమెను మళ్ల నమూనా తెమ్మనుండ్రి, ఫీజు తీసుకోకుండ్రి." తర్వాత నా వైపు తిరిగి, "నీ పుస్తకం ఇంటికాడ పెట్టుకో సత్తయ్యా. ఈడ మిషన్ చెప్పిందే లెక్క," అన్నాడు.

లింగవ్వకు ఆ మాట చెప్పింది నేనే. తప్పు మాదని చెప్పలేదు. ఇంకో నమూనా తెమ్మన్నాను, అంతే.

"మళ్లెందుకన్నా? మొన్న చూసింది మీరే గద?"

"బస్తాకో తీరుగ ఉంటది చెల్లె. ఇంకోపారి చూద్దాం."

మధ్యాహ్నానికి తెచ్చింది. పొడి చేసి, మరిగించి, చదివించేసరికి సాయంత్రమైంది. 3.65. మహేందర్ సంతకం చేశాడు. ఆ కాగితంతో ఆమె కొనుగోలుదారు మనిషి దిగిన జక్రాన్‌పల్లి వెళ్లేటప్పటికి, అతను పంట కొనే ఊర్ల జాబితా ముగించుకుని వెళ్లిపోయాడు. ఆమె ఫోన్ చేస్తే, ముందు వచ్చిన 2.93 సంగతి తనకు తెలుసని, ఒకే పసుపుకు రెండు రిపోర్టులుంటే దేన్ని నమ్మాలని అడిగాడట. వానాకాలానికి పట్టాదారు ఆ రెండెకరాలు మక్కజొన్న వేసేవాళ్లకు ఇచ్చాడు.

రిటైరయ్యాక ఒకసారి మాక్లూర్‌లో బస్సు కోసం నిలబడితే ఆమె కనిపించింది. ఒళ్లో బీడీల చాట ఉంది. చేతులు ఆగకుండానే పలకరించింది.

"బాగున్నవా అన్నా? నువ్వు రెండోపారి తీపిచ్చిన కాయిదం ఇంక నా పెట్టెల్నే ఉన్నది. నువ్వొక్కనివే మాకోసం తండ్లాడినవు."

బస్సు వచ్చింది, ఎక్కాను. అప్పుడు కూడా చెప్పలేదు.

మేనేజర్ పిరికితనం గురించి, వదిలేసిన నియమం గురించి చాలా రాయవచ్చు. అవి వాళ్ల లెక్కలో పడతాయి. నా లెక్క వేరు. మనం లేని రోజున తెరిచే మనిషికి అర్థం కాని పేరు పెట్టడం జాగ్రత్త కాదు, దాచుకోవడం. డిగ్రీ లేనివాడికి అక్కడ విలువ నిలబడాలంటే ఏదో ఒకటి తనకు మాత్రమే తెలిసి ఉండాలని నేను లెక్క వేసుకున్నాను. ఆ లెక్కలో లింగవ్వను కలపలేదు. ఫోన్‌లో మహేందర్ అడిగినప్పుడు నేను చెప్పాల్సింది ఒక్క అంకె. తొమ్మిది.