నలభై సినిమాలకు ఒకటే ఏడుపు

మధ్యాహ్నం పూట టీవీలో పాత సినిమాలు వేసే చానెల్ ఒకటుంది. అందులో మా చిన్నజేజి అప్పుడప్పుడు ఏడుస్తూ కనిపిస్తుంది. మా నాయన తల్లిని మేం జేజి అని పిలిచేవాళ్లం, ఆమె చెల్లెలు ఈ చిన్నజేజి. కథానాయికకు అక్కగానో వదినగానో, వయసు పైబడ్డాక తల్లిగానో వేసింది. ప్రతి సినిమాలో ఏదో ఒకచోట స్తంభం పట్టుకుని నిలబడుతుంది. ముందు కింది పెదవి వణుకుతుంది, ఆ తర్వాత కళ్లు నిండుతాయి. గ్లిజరిన్ అక్కర్లేని నటి అని ఆ రోజుల్లో పేరట. జమ్మలమడుగు పిల్ల మద్రాసు పోయి అంత పేరు తెచ్చుకుందని మా ఇంట్లో అందరికీ గొప్ప.

ఆ ఏడుపు ఎట్లా మొదలైందో కూడా మా ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్లిళ్లలో, క్రిస్మస్‌కు అందరం కలిసినప్పుడు, ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకునేవాళ్లు. ఆమెకు ఆరేళ్లప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం వేయించారు. మాటలు లేని వేషం. పక్కన నిలబడిన పెద్ద దేవదూత మాటలు మరిచిపోతే, ఈమే ఆ మాటలన్నీ గడగడా అప్పజెప్పి, పాట కూడా అందుకుందట. ఊళ్లో దిగిన నాటకాల కంపెనీ వాళ్లు అది విని, మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే వాళ్లమ్మను ఒప్పించారు. చర్చి పెద్దలు నెల రోజులు ఆ ఇంటివాళ్లతో మాట్లాడలేదట. తల్లీకూతుళ్లు రెండేళ్లు కంపెనీతో ఊరూరూ తిరిగారు. తర్వాత మద్రాసు.

మొదటి సినిమాలోనే తల్లి చనిపోయిన పిల్ల వేషం. ఎంత చెప్పినా ఏడుపు రాలేదు. అప్పుడు డైరెక్టర్ వాళ్లమ్మను సెట్టులో చెక్క గోడ వెనక్కి పంపించి, "మీ అమ్మ రైలెక్కి ఊరికి పోయింది, ఇంక నువ్వు మా దగ్గరే" అన్నాడు. అంతే, ఏడుపు వచ్చేసింది.

"ఈమె ఆడ గుక్కపట్టి ఏడుస్తాంటే, గోడెనకాల వాళ్లమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునిందంట!" అని మా నాయన ముగించేవాడు. అందరం పడీపడీ నవ్వేవాళ్లం. చిన్నజేజి కూడా అక్కడే కూర్చుని వక్క కొరుకుతూ ఉండేది. ఆమె నవ్వుతోందా లేదా అని నేనెప్పుడూ చూడలేదు.

నాకిప్పుడు ఏడేళ్ల కూతురు. ప్రొద్దుటూరులో ఉంటాం. ఆయన కువైట్‌లో ఏసీ మెకానిక్. నేను ఎమ్మెస్సీ చదివాను, పాప పుట్టాక ఉద్యోగం జోలికి పోలేదు. పోయిన చలికాలం స్కూల్ యానివర్సరీలో పాప ఏకపాత్ర చేస్తే ఎవరో ఫోన్‌లో తీశారు. అది ఒకరి నుంచి ఒకరికి పోయి, కొండాపురం దగ్గర సినిమా తీస్తున్నవాళ్లకు చేరింది. రిజర్వాయర్ కింద మునిగిన ఊరి కథ. ఊరు ఖాళీ చేసే రోజు ఒక చిన్నపిల్ల గడప పట్టుకుని ఏడవాలి. ఒక్కరోజు పని అన్నారు.

నాకు భయం. అన్నిటికీ భయమే నాకు. స్కూల్ ఆటో ఐదు నిమిషాలు ఆలస్యమైతే వీధి చివర నిలబడతాను. జ్వరం లేకపోయినా నుదురు పట్టి చూస్తాను.

"నీ భయానికి బిడ్డను ఇంట్లో పెట్టి బీగం ఏస్తావా?" అన్నాడు ఆయన ఫోన్‌లో. "మీ వంశంలోనే ఉండాది కదా మే, పోనీ."

పాప అప్పటికే అద్దం ముందు ఉంది.

షూటింగు ముంపు ఊళ్లో. ఇళ్లకు తలుపులు, కిటికీలు లేవు. ఊరివాళ్లు పునరావాస కాలనీకి పోయేటప్పుడే పీక్కుపోయారు. సినిమావాళ్లు ఒక ఇంటికి కొత్త గడప తెచ్చి బిగించి, పాతదిగా కనపడడానికి టీ డికాషన్ పూస్తున్నారు. పాప మాటలన్నీ ఒక్కసారికే చెప్పేసింది. అందరూ ముచ్చటపడ్డారు. ఏడుపు దగ్గరకొచ్చేసరికి మాత్రం స్కూల్లో నేర్పినట్టు రెండు పిడికిళ్లతో కళ్లు నలుపుకుంటూ "ఊఁ ఊఁ" అంది.

"నాటకం ఏడుపు వద్దు నాన్నా" అన్నాడు డైరెక్టర్. కోపంగా ఏమీ అనలేదు. ఎండ ముదురుతోంది. ఆరుసార్లు తీశారు, ఏడుసార్లు తీశారు. పాప ప్రతిసారీ అయిపోగానే నావైపు చూసి నవ్వుతోంది.

అప్పుడు అసిస్టెంటు అమ్మాయి నా దగ్గరకొచ్చింది. నాకన్నా చిన్నది. "మేడమ్, మీరు ఓ పది నిమిషాలు ఆ సామాన్ల వ్యాన్ వెనక ఉంటారా? పాప మిమ్మల్నే చూస్తోంది."

పాపకు ఏం చెప్తారని అడగాల్సింది. అడగలేదు. మా ఇంట్లో పెరిగిన ఎవరికైనా తెలుసు ఏం చెప్తారో. తెలిసే వెళ్లి నిలబడ్డాను.

"అమ్మ వెళ్లిపోయింది, చూశావా? బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్లిపోయింది." వ్యాన్ అవతల నుంచి ఆ అసిస్టెంటు అమ్మాయి గొంతు.

"లే, మా అమ్మ పోదు." పాప గొంతులో నవ్వుంది.

"మరి ఎక్కడుంది? చూపించు."

తర్వాత ఏడుపు. ఆకలి ఏడుపు, కిందపడిన ఏడుపు, మొండి ఏడుపు, నా బిడ్డవన్నీ నాకు తెలుసు. ఇది నేనెప్పుడూ విననిది. చున్నీ నోట్లో కుక్కుకున్నాను. నాకు నవ్వు రాలేదు. నాలుగు అడుగులు వేస్తే దాని ముందుంటాను. వేయలేదు. "సూపర్! ఇంకొక్కటి, దగ్గర్నించి" అని ఎవరో అరిచారు. అప్పుడూ అక్కడే ఉన్నాను. చప్పట్లు వినపడ్డాకే బయటికి వచ్చాను.

"యాడికి పోయినావు?" అంది పాప, నా చేయి రెండు చేతులతో పట్టుకుని.

"నీళ్ల బాటిల్‌కు పోయినా నానా. వాళ్లు తెలీక అట్లన్నారు."

నా చేతిలో బాటిల్ లేదు.

ఆ రోజు నుంచి నేను బాత్రూమ్‌లో ఉంటే తలుపు బయట నిలబడి "అమ్మా, ఉండావా?" అని అడుగుతోంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగితే వచ్చి చూస్తోంది. అదే పిల్ల వచ్చినవాళ్లందరికీ "నేను శానా బాగా ఏడ్చినానంట" అని చెప్పుకుంటోంది. మళ్లీ ఎప్పుడు పోదామని నన్ను వేధిస్తోంది. ఈ రెండింట్లో ఏది నమ్మాలో నాకు తెలియలేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. ఆయన ఫోన్ చేసినప్పుడు జరిగిందంతా నవ్వుతూ చెప్పాను. నవ్వకుండా చెప్పే పద్ధతి నాకు రాలేదు. ఆయన వాళ్లమ్మకు చెప్పాడు. మరుసటి వారం మా అత్త పులివెందుల నుంచి సంచెడు చీనీకాయలతో దిగింది. సాయంత్రం మెట్ల మీద కూర్చుని కాయలు ఒలుస్తూ ఇరుగుపొరుగుకు మొదలుపెట్టింది.

"ఇదేమో బండెనకాల దాక్కునింది. బిడ్డేమో ఈడ ఒకటే ఏడుపు! మా కోడలు పిరికిది అనుకుంటి గానీ, ఎంత గుండెనో సూడండమ్మా."

"అయ్యో, ముందే తెలిసింటే మా వాన్ని గూడా అట్లే ఏడిపిచ్చి సినిమాలో చేర్చిందును కదక్కా" అంది ఎదురింటావిడ. అందరూ నవ్వారు.

పాప లోపల హోంవర్క్ రాసుకుంటోంది. నేను పరుగున పోయి టీవీ సౌండ్ పెంచాను. విన్నదో లేదో తెలియదు. తల ఎత్తలేదు.

ఆ ఆదివారం పాపను తీసుకుని జమ్మలమడుగు పోయాను. చిన్నజేజికి ఎనభై దాటాయి. కళ్లకు ఆపరేషన్ అయింది, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. పెరట్లో పిల్లి ఈనిందని పాపను అటు పంపి, నా ముఖం చూసింది.

"ఏం చెప్పినారు బిడ్డకు?"

షూటింగుకు పోయామని తప్ప నేనింకా ఏమీ చెప్పలేదు. "బస్సెక్కి పోయినానని" అన్నాను.

"నాకు రైలన్నారు."

"మీయమ్మ గోడెనకాల ఉన్నిందని నీకెప్పుడు తెలిసింది జేజీ?"

"పదారేండ్లకు. మా అక్క పెండ్లిలో ఎవురో చెప్పి నవ్విరి. నేనూ నవ్వితి. అంతవరకు ఆ డైరెక్టర్నే తిట్టుకుంటా ఉంటి. మాయమ్మ గూడా దాంట్లో ఉండాదని తెలీలా."

"ఆమెను అడగలేదా?"

"అడగలా. ఆమే చెప్తాదేమోనని సూస్తి. ఆమె పోయిందాకా సూస్తి." వక్కను ఇంకో బుగ్గకు మార్చింది. "శానా గొప్పగా ఏడుస్తానంటారే మీరంతా, నాకు వచ్చిందే ఒకటే ఏడుపు మే. నలభై సినిమాలకు అదే వాడినా. మొగుడు సచ్చినా అదే, కొడుకు ఇల్లిడిచి పోయినా అదే. కెమెరా అంటానే ఆ రైలు తలుసుకునేదాన్ని."

"అయితే పాపను మళ్లీ పంపొద్దా?"

"అది నన్నడగొద్దు. నాకు ఆ పని ఇష్టం. లైట్లు ఏస్తే నాకు ఆకలి గూడా తెలిసేది కాదు. ఆ పని ఏరే, అబద్ధం చెప్పి ఏడిపిచ్చేది ఏరే." పెరటివైపు తల తిప్పింది. "నవ్వేవాళ్ల దగ్గర ఇనకముందే నువ్వే చెప్పు దానికి."

చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. సోమవారం పాపకు జలుబు. మంగళవారం పరీక్ష. ఎదురింట్లో ఎవరు గట్టిగా నవ్వినా లేచిపోయి కిటికీ మూసేదాన్ని. బుధవారం స్కూల్ నుంచి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా బొరుగులు తింటుంటే పక్కన కూర్చున్నాను.

"పాపా, ఆ పొద్దు నేను నీళ్లకు పోలా. వ్యాన్ ఎనకాలే ఉన్నా. వాళ్లు ఉండమన్నారు, నేను ఉన్నా."

బొరుగుల్లో నుంచి పప్పులు ఏరుకుంటోంది. చేయి ఆగింది.

"నేను ఏడ్చేది ఇనపడిందా?"

"ఇనపడింది."

"రెండోసారి గూడానా?"

"రెండోసారి గూడా."

"మరి ఎందుకు రాలా?"

షాట్ పాడవుతుందని, అంతమంది ఎండలో కాచుకుని ఉన్నారని, చెప్పడానికి చాలా ఉన్నాయి. "వస్తే వాళ్లు ఏమనుకుంటారోనని భయపడినా" అన్నాను.

"నువ్వు పెద్దదానివి కదా?"

"అవును."

ఏడవలేదు. కోపగించుకోలేదు. గిన్నె అక్కడే పెట్టి, బట్టలు మార్చుకుని, ఆడుకోవడానికి బయటికి నడిచింది. గేటు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"ఈడే ఉంటావా?"

"ఈడే ఉంటా."

మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఫోన్ మోగింది, కువైట్ నుంచే అయుండాలి. లేవలేదు. కుక్కర్ పెట్టాల్సిన వేళ దాటింది. పాప ఆట మధ్యలో సందు మలుపు దాకా వచ్చి, నన్ను చూసి పోతోంది. మళ్లీ వస్తోంది. వచ్చిన ప్రతిసారీ కనపడేలా కొంచెం ముందుకు జరిగి, దోమలు కుడుతున్నా అక్కడే కూర్చున్నాను.