నలభై మూడు శాతం దగ్గర కరెంటు పోయింది

నవ్వనంటేనే చెబుతాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు… మా అమ్మ మీద ఒట్టు. ఆ రాత్రి గదిలో నేనొక్కదాన్నే ఉండి ఉంటే కల అనుకుని వదిలేసేదాన్ని. కానీ నా పక్కన భారతి ఉంది. తనూ చూసింది. తనూ విన్నది.

మాది పుంగనూరు. కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను, మూడో సంవత్సరం. హాస్టల్లో నా గదిలో ఉండేది భారతి. తనది నిమ్మనపల్లె దగ్గర పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు.

ముందు నా లాప్‌టాప్ గురించి చెప్పాలి. మా అన్న ఏళ్లపాటు వాడేసి నాకిచ్చినది. స్పీకర్లు ఎప్పుడో పోయాయి, ఏం వినాలన్నా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే. బ్యాటరీ ఉబ్బి కీబోర్డును పైకి నెడుతుంటే, మదనపల్లెలో రిపేరు షాపాయన దాన్ని పీకి పారేశాడు. అప్పట్నుంచి చార్జర్ గుచ్చితేనే నడుస్తుంది. వైరు కాస్త కదిలినా చాలు… టప్పున ఆరిపోతుంది. గదిలో ఎవరైనా మంచం దిగుతుంటే "వైరూ… వైరూ" అని అరిచేదాన్ని.

మా ప్రాజెక్టు, మన వైపు మాటను అక్షరాల్లోకి మార్చే యాప్. దానికోసం పెద్దవాళ్ల మాటలు రికార్డు చేశాం. భారతి వాళ్ల అవ్వ దగ్గరికీ వెళ్లాం. పురుగుల గదిలో కూర్చుని, వాటికి మల్బరీ ఆకు వేస్తూనే మాట్లాడింది. ఫోన్లో జాగా లేక ఫైలును లాప్‌టాప్‌లోకి మార్చి, ఫోన్లోది తీసేశాను. హాస్టల్ వైఫైలో అంత పెద్ద ఫైలు ఎక్కదు. రేపు కాలేజీలో ఆన్‌లైన్‌లో పెడదాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. తప్పు నాదే.

మూడు వారాలకు అవ్వ చనిపోయింది.

ఊరినుంచి తిరిగొచ్చిన రోజు భారతి బ్యాగు కూడా దించకుండా అడిగింది. "అవ్వ గొంతు నీకాడ ఉండాది కదా మే?"

"ఉండాది" అన్నాను. లాప్‌టాప్ తెరిచాను. లోపల్నుంచి శబ్దం… టిక్. టిక్. టిక్. ఫైలు పేరు కనిపిస్తోంది, తెరుచుకోవడం లేదు.

రిపేరు షాపాయనకు ఫోన్ చేశాను. "డిస్కు పోతాండాదమ్మా. కావాల్సింది ఒకటుంటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకో. మధ్యలో మాత్రం ఆపొద్దు. ఆగిందంటే మళ్లా లేవదు" అన్నాడు.

రాత్రి తొమ్మిదికి కాపీ పెట్టాం. ఒక్కో శాతం జరగడానికి ఏడెనిమిది నిమిషాలు. ఇద్దరం మంచాల మీద కదలకుండా కూర్చున్నాం. భారతి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పన్నెండు దాటింది. ఇరవై ఒకటి. ఒంటిగంట… ముప్పై. రెండయ్యేసరికి నలభై మూడు.

కరెంటు పోయింది.

ఫ్యాను తిరుగుడు తగ్గి… తగ్గి… ఆగింది. కారిడార్ లైట్లు పోయాయి. జనరేటర్ వారం నుంచి రిపేరులో ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. అయిపోయింది. అవ్వ గొంతు పోయింది, నా వల్లే పోయింది.

"మే…" అంది భారతి. చాలా మెల్లగా. "కండ్లు తెరువు."

తెరిచాను.

స్క్రీను వెలుగుతోంది.

నలభై నాలుగు.

నాకు భయం కూడా వేయలేదు. మా గదికి మాత్రం కరెంటు ఉందేమో అనుకున్నాను. ఫోన్ టార్చి వేసి వైరు వెంటే వెళ్లాను. చార్జర్ మీద ఆకుపచ్చ లైటు ఉండాలి… లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఎర్ర లైటు… అదీ లేదు. అదే బాక్సుకు భారతి ఫోన్ గుచ్చి ఉంది. చార్జింగ్ ఎక్కడం లేదు.

వంగి లాప్‌టాప్ అడుగున చేయి పెట్టాను. బ్యాటరీ ఉండాల్సిన చోట నా వేళ్లు ఖాళీలోకి వెళ్లాయి. రేకు చల్లగా ఉంది. గంటలకొద్దీ నడుస్తున్న లాప్‌టాప్… కుండలో నీళ్లలా చల్లగా.

చేయి వెనక్కి లాక్కున్నాను.

"వైరు పీకి సూస్తా" అన్నాను. వైరు వైపు చేయి చాపాను.

భారతి నా మణికట్టు పట్టుకుంది. "వొద్దు. దాన్ని ముట్టుకోవద్దు."

అప్పుడు గమనించాను. టిక్ టిక్ ఆగిపోయింది. డిస్కు నుంచి చప్పుడే లేదు. అంకెలు మాత్రం కదులుతున్నాయి. నలభై తొమ్మిది. యాభై నాలుగు. నిమిషాలు కాదు… ఊపిరి తీసి వదిలేంతలో ఒకటి.

తర్వాత… వాన మొదలైంది.

సన్నని వాన. ఆకుల మీద పడే చినుకుల్లాగా, సరసరమని, ఆగకుండా. భారతి లేచి కిటికీ తెరిచింది. బయట పొడి నేల. ఆకాశం నిండా చుక్కలు. గాలి కూడా లేదు. ఊరంతా చీకటి. చప్పుడు బయటిది కాదు. గదిలోది. ఎటు తల తిప్పినా అంతే వినిపిస్తోంది, గోడ దగ్గరా, పైకప్పు దగ్గరా, నా చెవి పక్కనా… లాప్‌టాప్‌కు స్పీకర్లు లేవని చెప్పాను కదా.

"వాన కాదు మే ఇది" అంది భారతి.

"మరి?"

"పురుగులు ఆకు తింటాండాయి. పెద్ద పురుగులకు ఆకేస్తే రాత్రంతా ఇట్లనే ఉంటాది. నేను పుట్టినప్పట్నుంచి విన్న సద్దు. నాకు తెలీదా?"

తను కిటికీ దగ్గరే నేల మీద కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. పచ్చి మల్బరీ ఆకు వాసన వచ్చిందని నేనిప్పటికీ అంటాను. భారతి రాలేదంటుంది. ఆ చప్పుడు పెరగలేదు, తగ్గలేదు. వేల నోళ్లు ఓపిగ్గా నమిలే చప్పుడు. అక్కడి నుంచి లేచి పారిపోవాలని అనిపించలేదు. నాకు తెలియకుండానే చేతులు ఒళ్లో జోడించుకుని ఉన్నాను.

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

చప్పుడు ఆగింది. ఒకేసారి.

కాపీ పూర్తయిందన్న చిన్న గడి స్క్రీను మధ్యలో వచ్చింది. ఇద్దరం దానివైపే చూస్తున్నాం. ఎంతసేపో…

కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది, ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది, చార్జర్ మీద ఆకుపచ్చ లైటు వచ్చింది. ఆ క్షణంలోనే… లాప్‌టాప్ ఆరిపోయింది. మళ్లీ లేవలేదు. ఈ రోజుకీ లేవలేదు.

తెల్లవారాక పక్క గది అమ్మాయి లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టాం. ఫైలు మొత్తం ఉంది. అవ్వ మాట్లాడుతోంది. మధ్యలో నన్ను తిడుతోంది కూడా. "ఆ ఫోను పక్కన పెట్టి ఇంత కూడు తిను అమ్మీ, ఎండిపోయిండావు." భారతి అప్పుడు ఏడ్చింది, అవ్వ పోయాక తను ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆదివారం ఇద్దరం తన ఊరికి బయల్దేరాం, వాళ్లమ్మకు వినిపించాలని. దారిలో మదనపల్లెలో దిగి రిపేరు షాపుకెళ్లాం. ఆయన అంతా విని, "యాడో లైన్లో కొంచెం వోల్టేజీ వచ్చుంటాదమ్మా" అన్నాడు.

"అట్లయితే ఫోనుకు యాల చార్జింగ్ ఎక్కలేదన్నా?"

లాప్‌టాప్ తిప్పి అడుగు చూశాడు. ఖాళీ చోటులో వేలు పెట్టి తిప్పాడు. "నేను పదేండ్ల నుంచి ఇదే పని చేస్తాండా. ఇది నాకు తెలీదమ్మా" అని, చూసినందుకు డబ్బులు కూడా తీసుకోకుండా నా చేతికిచ్చాడు.

భారతి వాళ్లమ్మ ఆ మాటలు మూడుసార్లు విన్నది. ఎట్లా దొరికిందని అడగలేదు. మేమూ చెప్పలేదు.

తిరుగు బస్సులో చాలాసేపటికి భారతి అడిగింది. "ఆ రాత్రి నీకు బయమేసిందా మే?"

"ఏసింది. నీకు?"

తను బస్సు కిటికీ అద్దం జరిపింది.

"చీకట్లో ఉన్నంతసేపూ ఏయలేదు" అంది. "లైటొచ్చినాక ఏసింది. గదిలో ఇంక మనమిద్దరమే మిగిలినాం కదా… అప్పుడు."

నాకూ అప్పుడే వేసింది.