నాలుగు రోజుల విమర్శకురాలు

ఇప్పుడు నేను సినిమాల మీద రాస్తానంటే ఎవరూ నవ్వరు. గ్రహాంతరవాసుల సినిమాలు, మంత్రగాళ్ల నవలలు, జపాను వాళ్ల బొమ్మల సీరియళ్లు, మా అబ్బాయి రాత్రింబవళ్లు ఆడే వీడియో గేములు, ఇవన్నీ చూసి, చదివి, ఆడి, బాగున్నాయో లేదో నలుగురికీ చెప్పడం నా పని. (ఆటల్లో మాత్రం మొదటి రాక్షసుడి చేతిలోనే చచ్చిపోతాను. మిగతాది మా వాడు ఆడిపెడితే పక్కన కూర్చుని చూసి రాస్తాను. ఈ మాట మీలోనే ఉంచుకోండి.) అయితే నేను బస్తర్ అడవుల్లోని బచేలిలో పదకొండో తరగతి చదివే రోజుల్లో అక్కడ సినిమా అరచేతిలో ఉండేది కాదు, రేకు డబ్బాల్లో బస్సెక్కి వచ్చేది. పైన బైలాడీలా కొండ, కింద గనుల్లో పనిచేసేవాళ్ల క్వార్టర్లు, మధ్యలో క్లబ్బు. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు క్లబ్బు హాల్లో కిటికీలకు నల్లగుడ్డలు కట్టి ఆట వేసేవాళ్లు. ఊరంతా ఇనప రాతి దుమ్మే కాబట్టి ఆ తెర కూడా ఏనాడో ఎర్రబడిపోయింది. మంచు కొండల మీద పాట వచ్చినా మాకు మిరప కళ్లంలో పాడుతున్నట్టే కనబడేది.

క్లబ్బులో ఒక గోడపత్రిక ఉండేది. దాని పెద్ద మా లైబ్రరీ మాస్టారు. హిందీలో రెండు కాలమ్‌లు, తెలుగులో ఒకటి, అట్టల మీద స్కెచ్ పెన్నుతో రాసి గేటు పక్కన అంటించేవారు. తెలుగు కాలమ్‌లో సినిమా విమర్శ రాసే ఆయన బదిలీ మీద వెళ్లిపోతే, నెల రోజులు మాస్టారి వెంట తిరిగి ఆ చోటు సంపాదించాను. "ఒక్కటి రాసి చూపించమ్మా. బాగుంటే నీదే. ఒక్క మాట గుర్తుంచుకో, విమర్శకుడు తప్పు రాయకూడదు, రాస్తే దిద్దుకోవాలి" అన్నారు. నేను ఆ రాత్రే నోటుపుస్తకం అట్ట మీద పేరు రాసుకుని, కింద 'విమర్శకురాలు' అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అచ్చం అలాగన్నమాట.

చిక్కల్లా మా అమ్మతో వచ్చింది. నాలుగున్నరకు కుళాయి వస్తుంది, ఆ నీళ్లు గంటసేపే. అందుకని ప్రతి ఆదివారం నాలుగున్నర కొట్టేసరికి నా రెక్క పట్టుకుని లాక్కుపోయేది. విమర్శకురాలిని మధ్యలో లాక్కుపోతే ఎలా? చివరిదాకా ఉండి తీరాలని రెండు రోజులు అన్నం మానేసినంత పని చేశాను. ఆఖరికి అమ్మ, "మీ నాన్నతో అయితే వెళ్లు" అంది. నాన్నది ఆ వారం పొద్దుటి షిఫ్టు. కొండ మీంచి షిఫ్టు బస్సు మూడింటికి గానీ దిగదు. అంటే మొదటి అరగంట పోయినట్టే. పోతే పోయింది, ముగింపు ముఖ్యం అనుకున్నాను. మూడింటికి బస్సు దిగిన నాన్న ఒళ్లంతా ఎర్ర దుమ్ముతో అలాగే హాల్లోకి వచ్చి, "ఏటమ్మా, ఇదేటి సినిమా?" అని అడిగి, నేను చెప్పేలోగా నిద్రపోయారు.

ఏ దేశం వాళ్లు తీశారో తెలియదు, హిందీలో మాటలు పెట్టారు. అందులో ఒక మధ్యవయసు ఇంజనీరు ఆకాశనౌకలో ఎక్కడో ఎర్రమట్టి గ్రహం చుట్టూ తిరుగుతుంటాడు. (అన్ని గ్రహాలూ ఆ తెర మీద ఎర్రవేనని నాకు తట్టలేదు. 'ఈ దర్శకుడు మన కొండను చూసే ఉంటాడు' అని రాసేశాను.) జేబులో కూతురి ఫొటో. నౌకలో మంటలు లేస్తే తోటివాళ్లను చిన్న నౌకలోకి తోసి, బయటి నుంచి తలుపు వేసేస్తాడు. తెరంతా మంట. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. సరిగ్గా అప్పుడే హాల్లో సగంమంది లేచి చక్కా పోయారు. వాళ్లు అటు పోగానే, మంటల వెంట తెర మీద ఏం వచ్చిందనుకున్నారు? ఆ ఇంజనీరు ఇంట్లో ఉన్నాడు. కూతురు ముందు కూర్చుంటే జడ వేస్తున్నాడు. పాలు కాస్తున్నాడు. ఇద్దరూ తింటూ కబుర్లు చెప్పుకుని నవ్వుతున్నారు. చివరికి ఆయన బూట్లు తొడుక్కుని, వెలుతురు పడుతున్న గుమ్మంలోంచి బయటికి నడిచాడు. దీపాలు వెలిగాయి. నాకు ఒళ్లు ఝల్లుమంది. చనిపోయినవాడి కోసం కాలమే వెనక్కి తిరిగింది, ఆయన ఇల్లు చేరాడు, మర్నాడు మామూలు పనికి వెళుతున్నాడు. ఇంత గొప్ప ముగింపు లోకంలో ఎవరైనా తీశారా అనిపించింది.

సోమవారం ఉదయం నా విమర్శ గోడెక్కింది. ఆ ముగింపును మూడు పేరాలు పొగిడాను. అక్కడితో ఊరుకున్నానా? 'మహత్తర ఘట్టం మొదలవుతుండగా బిందెల కోసం లేచిపోయిన ప్రేక్షకులను చూసి సిగ్గుపడుతున్నాను. చివరిదాకా కదలకుండా కూర్చున్న పొద్దుటి షిఫ్టు కార్మికులే నిజమైన రసికులు' అని కూడా కడిగేశాను.

సాయంత్రానికి ఊరంతా నవ్వు. నన్ను చూసి నవ్వుతున్నారని కాసేపు తెలియలేదు, మెచ్చుకుంటున్నారనుకుని నేనూ నవ్వాను. ఇంటికి వెళితే నాన్నే చెప్పారు. "పిచ్చితల్లీ, ఆ ముక్క మొదట్లోది. మేం బస్సు దిగి వచ్చేసరికి రెండు రీళ్లు అయిపోతాయి కదేటి. మా కోసం అవి ఆఖర్న మళ్లీ ఏస్తారు. పేర్లు ఎవులు చూస్తారని, ఆఖర్నవీ మొదట్లోవీ పేర్ల ముక్కలు తీసేసి మరీ ఏస్తారు. ఊరందరికీ తెలిసిందే కదా, నీకు తెల్దా?" నాకెలా తెలుస్తుంది? పుట్టి బుద్ధెరిగాక ఏ ఆదివారమూ నాలుగున్నర దాటి అక్కడ ఉంటేగా. ఆ ఇంజనీరు ఇంటికి రాలేదు. ఆ గుమ్మం దాటి వెళ్లడం అసలు కథలో మొదలు. అంత సిగ్గులోనూ నాకు ఆయన చచ్చిపోయాడనే ఎక్కువ ఏడుపొచ్చింది.

మాస్టారు నవ్వలేదు. "పరవాలేదమ్మా. గురువారం లోగా నాలుగు వాక్యాల్లో సవరణ రాసి ఆ పక్కన అంటించు, కాలమ్ నీకే ఉంటుంది" అన్నారు. అసలు ఆ అట్టే లేకుండా చేద్దామని మంగళవారం మధ్యాహ్నం స్కూలు కాగానే వెళ్లాను. గేటు దగ్గర టోకెన్ అత్త ఉంది. క్లబ్బులో సైకిళ్లకు టోకెన్లిచ్చే ఆవిడ. తెలంగాణ సరిహద్దున ఉసూరు వైపు పల్లె ఆవిడది. రెండేళ్ల కిందట వానాకాలంలో ఆవిడ భర్త సొంతూరు వెళ్లి, వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. ఏడేళ్ల కూతురు, మేం చిన్ని అనేవాళ్లం, బడి కాగానే వచ్చి సైకిళ్ల మధ్య కూర్చునేది. ఆ పిల్ల అన్నీ మాట్లాడేది గానీ, ఆ వానాకాలం తర్వాత నాన్న అన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. పలక మీద ఇల్లు వేస్తే అందులో అమ్మా, తానూ, కోడీ ఉండేవి.

"చింపకు బిడ్డా," అంది అత్త. "అందరు నవ్వుతున్రు, అండ్ల ఏం రాసినవో సదివి చెప్పు. నాకు హిందీ సదువే గాని తెలుగు సదువ రాదు."

చదివాను. కాలం వెనక్కి తిరిగిందన్న మూడు పేరాలూ చదివాను. కొత్తగా నేర్చుకున్న సిగ్గు అడ్డం పడుతున్నా ఒక్క అక్షరం మార్చలేదు. అత్త వింటూ చేతిలో టోకెన్లు సర్దడం మానేసింది.

"అయితే చివరికి ఇంటికొస్తడా?"

ఒక్క ముక్క చెబితే అయిపోయేది. "వస్తాడత్తా" అన్నాను.

"రేపటి ఆటకు నా బిడ్డను తోల్కపోత."

ఆదివారం డ్యూటీ పడ్డవాళ్ల కోసం బుధవారం అదే వేళకు ఇంకో ఆట ఉండేది. ఆ ఆటకు మొదటి రీళ్లు మళ్లీ వేసే అలవాటు లేదు. అంటే ఆ పిల్ల చూసేది మంటలే. "మూడింటికి రా అత్తా, ముందు అరగంట ఏమీ బాగోదు" అని చెప్పి, వెనక మెట్లెక్కి, ఆట వేసే ఆపరేటర్ మామ గదికి పరిగెత్తాను. జగదల్పూర్ మనిషి, తెలుగు సగం, హిందీ సగం మాట్లాడేవాడు.

"ఆఁ, విమర్శక్ బేటీ," అని నవ్వాడు. విషయం చెప్పి, రేపు కూడా మొదటి రీళ్లు ఆఖర్న వెయ్యమన్నాను. "ఇద్దరి కోసమా? బుధవారం నాలుగున్నరకు నాకు ఛుట్టీ, డబ్బాలు దంతెవాడ బస్సుకు ఎక్కించాలె."

"టోకెన్ అత్త కోసం మామా."

మామ కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "బస్సును నేను ఆపుకుంటలే, నువ్వు మూడింటికి తీసుకురా" అన్నాడు.

బుధవారం అత్త సైకిళ్లను దేవుడికి అప్పజెప్పి, చిన్నికి కొత్త గౌను వేసి తెచ్చింది. ఆ గంటన్నరలో నేను తెర చూసింది తక్కువ, వాళ్ల ముఖాలు చూసింది ఎక్కువ. మంటలప్పుడు చిన్ని తల్లి కొంగులో ముఖం దాచుకుంది. తెర నల్లబడింది. జనం లేచి పోయారు. మామ గదిలో డబ్బాల చప్పుడు. తెర వెలిగింది. ఆయన ఇంట్లో ఉన్నాడు.

చిన్ని కొంగులోంచి ముఖం తీసి చూసింది. చాలాసేపు చూసింది. ఆయన జడ అల్లుతుంటే ముందుకు వంగి, "అమ్మా, ఈ నాయినకు జడెయ్యరాదు. వంకర పోతంది. మా నాయిన మంచిగ ఏస్తుండె" అని పకపకా నవ్వింది. అత్త ఆ పిల్లను దగ్గరికి లాక్కుని నవ్వుతూనే ఏడ్చింది. ఎందుకేడుస్తున్నానో తెలియకుండా నేనూ ఏడ్చాను. (విమర్శకులు ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు.)

గురువారం మాస్టారి దగ్గరికి వెళ్లి, "నేను సవరణ రాయనండి" అన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆయన బాధపడ్డారు గానీ మాట మాటే. కాలమ్ ఇంకొకరికి వెళ్లిపోయింది. నా పదవి సోమవారం నుంచి గురువారం దాకా, సరిగ్గా నాలుగు రోజులు. ఇంటికి వచ్చి నోటుపుస్తకం అట్ట మీది 'విమర్శకురాలు'ను కొట్టేశాను. కింది రెండు గీతలు మాత్రం ఉంచాను.

రెండేళ్లకు విశాఖపట్నంలో కాలేజీకి బయలుదేరితే, రైలెక్కించడానికి అత్త స్టేషనుకు వచ్చింది. చేతిలో కాగితం పొట్లంలో విప్ప పూల లడ్డూలు. మళ్లీ ఎప్పుడు కలుస్తామో అని మనసు ఆగక చెప్పేశాను. "అత్తా, ఆ సినిమాలో ఆయన ఇంటికి రాడు. నేను తప్పు రాశాను."

అత్త నా తల నిమిరింది. "ఏంది బిడ్డా, ఆ గేటు కాడ ఉండేది నేనే గద. ఎవరు ముందు సైకిల్ తీస్తరో, ఎవరు ఎందుకుంటరో నాకు తెల్వదా? నువ్వు సదవక ముందే ఎరుక."

"మరి ఎందుకు తీసుకొచ్చావు?"

"ఇంటికొచ్చిన నాయిన్ని నా పిల్ల ఒక్కపాలి సూడాలె అనిపిచ్చింది. ఆ దినం సంది దానికి నాయిన ముచ్చట్లే." రైలు కదిలేదాకా చెయ్యి వదల్లేదు.

ఈమధ్య ఆ సినిమా కంప్యూటర్లో దొరికింది. మొదటి నుంచి వరసగా, ఒక విమర్శకురాలు చూడాల్సినట్టే చూశాను. నిజం చెప్పాలంటే ఓ మోస్తరు సినిమా, నౌక అట్టముక్కలతో చేసినట్టుంది, ఆ గ్రహం అసలు ఎర్రగా కూడా లేదు. మంటలయ్యాక పేర్లు పడ్డాయి. మా అబ్బాయి, "ఎన్ని స్టార్లు ఇస్తావమ్మా?" అన్నాడు. "ఉండరా, ఇంకా అవలేదు" అని, మళ్లీ మొదటికి తిప్పి, మొదట్లో పడే పేర్లు దాటించి, ఆయన జడ వేసేచోట పెట్టి చూశాను. చిన్ని చెప్పింది నిజమే, జడ బాగా వంకరగా ఉంది. ఆనాడు బిందెల వాళ్లను కడిగేసిన ఆ పదహారేళ్ల పొగరుబోతు పిల్ల పక్కనే కూర్చున్నట్టనిపించి నవ్వొచ్చింది. ఆయన బూట్లు తొడుక్కుని గుమ్మం దాటేదాకా ఇద్దరం కదల్లేదు.